పొద్దున పట్టేసే ట్రిగ్గరు

గుత్తి దాటాక హైవే పక్కన మాకొక పెట్రోలు బంకుంది. రాత్రి లెక్క చూసుకుని డబ్బు వెంటబెట్టుకుని అనంతపురం దాకా ఒక్కణ్ణే బండి నడుపుకుంటూ రావాలి. రెండుసార్లు వెనకాలే వచ్చిన బైకులు చూశాక తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాను. అది చేతికొచ్చాక, 2024 అక్టోబరులో, మా ఊళ్లోనే ఉండే ఒక రిటైర్డు ఇంజనీరు సారు దగ్గర ఆయన రివాల్వరు కొన్నాను. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారీ, .32, ఆరు తూటాలది. వయసు మీదపడింది, ఇక నాకెందుకు నాయనా అని అమ్మేశారు. ఆయన అమ్మబోతున్నట్టు కలెక్టరుకూ పోలీసులకూ రాసిచ్చి 45 రోజులు ఆగడం, తర్వాత నా లైసెన్సులో దాని నంబరు ఎక్కించుకోవడం, ఆ తిరుగుడంతా అయ్యాకే అది మా ఇంటికొచ్చింది.

డిసెంబరు రెండో వారంలో ఒకరోజు పొద్దున ఆరింటికి దాన్ని బయటికి తీశాను. అసలు తూటాలు వేరే గదిలో బీరువాలో తాళం వేసి ఉంటాయి. తూటాలు పట్టే సిలిండరు ఖాళీగా ఉన్నప్పుడు ఊరికే కొడితే తూటాను కొట్టే పిన్ను దెబ్బతింటుందని, మందు లేని డమ్మీ తూటాలు ఆరు కొనిపెట్టుకున్నాను. అవి వేసి, గోడవైపు చూపి ట్రిగ్గరు నొక్కాను. హ్యామరు లేచి పడింది. వేలు తీశాను. ట్రిగ్గరు వెనక్కే ఉండిపోయింది. గోటితో ముందుకు తోస్తే, నల్లరేగడిలో దిగబడిన చెప్పు ఊడొచ్చినట్టు మెల్లగా జారి వచ్చింది.

ఆ క్షణం నాకు ఒళ్లు చల్లబడింది. అవసరమైనప్పుడు రెండో తూటా పేలదన్నది ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి: నిండు తూటాలతో ఉన్నప్పుడు ఇట్లా పట్టేస్తే, మనిషి ఏం చేస్తాడు? విదిలిస్తాడు, ట్రిగ్గరు చుట్టూ ఉండే గార్డులో వేలు పెట్టి ఆడిస్తాడు. ప్రమాదాలన్నీ అక్కడే జరిగేది.

మా బావ ఆర్మీలో పనిచేసి వచ్చినవాడు. ఫోను చేస్తే, "పాతది కదప్పా, స్ప్రింగు సచ్చిపోయింటుంది, మార్పించేయ్" అన్నాడు. బంకులో మేనేజరు కిరసనాయిల్లో ఒక పూట నానబెట్టమన్నాడు. సాయంత్రం బావ ఇంటికొచ్చాడు. చూపిద్దామని తీస్తే, అప్పుడు ట్రిగ్గరు కొత్తదానిలా టక్కున ముందుకొచ్చింది. పదిసార్లు నొక్కినా పదిసార్లూ వచ్చింది. బావ నావైపు చూశాడు.

మరునాటి పొద్దున మళ్లీ పట్టేసింది.

బంకులో పంపు మొరాయిస్తే మేము ముందు చేసే పని, ఎప్పుడు ఆగింది, ఏ నాజిలు దగ్గర ఆగింది అని పుస్తకంలో రాసుకోవడం. ఇక్కడా అదే చేశాను. సిలిండరు అంచున స్కెచ్ పెన్నుతో 1 నుంచి 6 దాకా అంకెలు వేసి, పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదికి, ఒక్కో గదికి, అంటే సిలిండరులో ఒక్కో తూటా పట్టే రంధ్రానికి, మూడుసార్లు నొక్కి రాసుకున్నాను. నాలుగు రోజులు. ప్రతిసారీ ముందు తెరిచి లోపల ఉన్నవి డమ్మీలేనని కంటితో, వేలితో రెండు రకాలుగా చూసుకున్నాకే.

పుస్తకంలో రెండు సంగతులు కనిపించాయి. పొద్దున ఆరు గదుల్లోనూ ట్రిగ్గరు తిరిగి రావట్లేదు, మధ్యాహ్నం అన్నిట్లోనూ వస్తోంది. ఇది ఒకటి. రెండోది, 3వ గది దగ్గరికొచ్చేసరికి మాత్రం పొద్దునైనా మధ్యాహ్నమైనా నొక్కడం బరువుగా ఉంది, సిలిండరు ఎక్కడో రాసుకుంటున్నట్టుంది. ఒకే జబ్బు అనుకున్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఆరు గదుల్లోనూ ఒకేలా ఉంటే తప్పు లోపలి యంత్రంలో, ట్రిగ్గరు వైపు ఉండాలి. ఒక్క గది దగ్గరే అయితే అది సిలిండరుతో పాటు తిరిగేది, సిలిండరు దగ్గరే వెతకాలి. స్ప్రింగే చచ్చిపోయి ఉంటే మధ్యాహ్నం ఎట్లా బతుకుతుంది? పైగా హ్యామరు దెబ్బ పొద్దున కూడా గట్టిగానే పడుతోంది.

మరి పొద్దునకూ మధ్యాహ్నానికీ మారేదేమిటి? వేడి. అంతవరకు వచ్చాను గానీ అక్కడ ఆగిపోయాను.

ఆదివారం పొద్దున మా ఆవిడ పాపకు జడ వేయాలని కొబ్బరినూనె సీసా తెచ్చి, గడ్డకట్టిందని ఎండ పడే ప్రహరీ మీద పెట్టింది. తెల్లగా, సీసా తలకిందులు చేసినా కదలకుండా ఉంది. ఇరవై నాలుగైదు డిగ్రీలకు తక్కువైతే కొబ్బరినూనె గడ్డకడుతుంది. మా అనంతపురంలో డిసెంబరు పొద్దున అంతకంటే చల్లగానే ఉంటుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఆ సీసావైపే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఇంజనీరు సారుకు ఫోను చేశాను.

"సార్, రివాల్వరుకు ఏ నూనె వేస్తాంటిరి?"

"స్వచ్ఛమైన కొబ్బరినూనె నాయనా. నెలకోసారి రెండు చుక్కలు. ఒక్క నెల కూడా తప్పలేదు."

ఎంత శ్రద్ధగా చెప్పారంటే, నాకు తప్పు అనబుద్ధి కాలేదు. తుప్పు చుక్క లేకుండా అన్నేళ్లు కాపాడింది ఆ చెయ్యే.

కారణం తెలిసింది కదా అని నేను విప్పలేదు. తుపాకి బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి, 1959 ఆయుధాల చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. చట్టం అట్లుంచితే, లోపల స్ప్రింగు బలంగా ఒత్తిపట్టి ఉంటుంది, తెలియని చెయ్యి పెడితే కన్ను పోతుంది. లైసెన్సు పుస్తకం, ఖాళీ రివాల్వరు, డమ్మీలు, నా నోటుపుస్తకం తీసుకుని కర్నూలు పోయాను. కొండారెడ్డి బురుజుకు కొద్ది దూరంలో లైసెన్సున్న దుకాణంలో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. అందరూ చాచా అంటారు, నేనూ అట్లే పిలిచాను. ఆయన ముందు నా పుస్తకం చదివాడు, ఆ తర్వాతే వస్తువు పట్టుకున్నాడు. "రోగం నువ్వే రాసుకొచ్చినావు కదప్పా" అన్నాడు.

పిడికి రెండు వైపులా ఉన్న చెక్కలు తీస్తే లోపల ఇంగ్లీషు వి అక్షరంలా వంగిన స్ప్రింగు కనిపించింది. హ్యామరును కొట్టేదీ, ట్రిగ్గరును ముందుకు తోసేదీ అదొక్కటేనని చూపించాడు. దాని చుట్టూ, ట్రిగ్గరు ఇరుసు చుట్టూ, గానుగ అడుగున మిగిలే మడ్డిలాంటి పసుపు జిగురు. అందులో ఎర్రని నూగు. సారు దాన్ని ఎర్ర మఖమలు సంచిలో ఉంచేవారు, ఆ దారపు పోగులన్నీ నూనెలో కలిసి పేరుకుపోయాయి. చాచా పళ్లు కుట్టుకునే పుల్లంత సన్నగా చెక్కిన వెదురు ముక్కతో దాన్ని గీకి తీశాడు. ఇనుము పెడితే గీతలు పడతాయట. ఒక పిల్లవాడి చిటికెన గోరంత ముద్ద వచ్చింది.

స్ప్రింగు మార్చమంటారా అని అడిగితే, "దీనికేమైంది? ఇంకా నాకంటే గట్టిగా ఉంది" అన్నాడు. భాగాలన్నీ కడిగి, ఆరబెట్టి, తుపాకుల కోసం దొరికే పలచటి మినరలు నూనె సూది మొనతో మూడు చోట్ల ముట్టించాడు. తుడిచేశాక వేలికి తడి కూడా తగల్లేదు.

3వ గది సంగతి అంతకంటే చిన్నది. రివాల్వరును మధ్యకు విరిచి తెరిస్తే ఖాళీ తూటాలను పైకి లేపే నక్షత్రం ఆకారపు పలక ఉంటుంది. దాన్ని పైకెత్తి, భూతద్దం నా చేతికిచ్చి, "చూడు" అన్నాడు. 3వ గది పక్కన కాలని మందు పలుకులు రెండు, ఆవగింజలో సగం కూడా లేవు, నూనెలో అతుక్కుని ఉన్నాయి. ఆ వైపు పలక వెంట్రుకంత లేచి వెనకాల రాసుకుంటోంది. పొడి టూత్‌బ్రష్‌తో రెండుసార్లు దులిపాడు. "ఈడ మాత్రం నూనె వెయ్యొద్దు. పొడిగానే ఉండల్ల. నూనె వేస్తే మందు అంతా ఈడికే వచ్చి కూచుంటాది."

ఇంటికొచ్చిన మరునాడు పొద్దున కావాలనే కిటికీ తెరిచి, బల్ల మీద గంటసేపు చలికి వదిలి, పక్కనే కూర్చున్నాను. తర్వాత డమ్మీలు వేసి నొక్కడం మొదలుపెట్టాను. వేలు తీసిన ప్రతిసారీ ట్రిగ్గరు దానంతటదే ముందుకొచ్చింది. నోటుపుస్తకంలో ఆ రోజు వరస ఇట్లుంది: పొద్దున 6, ఆరు గదులు, 18 సార్లు, అన్నీ సరే. 3వ గది కూడా.

ఆ సాయంత్రం సన్న మూతి ఉన్న నూనె సీసా ఒకటి కొని ఇంజనీరు సారు ఇంటికి తీసుకుపోయాను. ఆయన దగ్గర ఇంకో తుపాకి లేదు. ఆ సీసాను కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చదివారు.