మా వాటా ఎంతమ్మా?

వాటర్‌షెడ్ పనుల గురించి, అంటే కొండ నుంచి వాగు దాకా వాననీటిని నిలిపే పనుల గురించి, ఊళ్ళో అడగడానికి రాసిన ఆ ప్రశ్నావళి 18 పేజీలు. అందులో ‘స్టేక్‌హోల్డర్’ అనే మాట, అంటే ఆ పనితో మంచో చెడో ముడిపడ్డ మనిషి, 41 సార్లు వచ్చింది. అనువాదానికి నాకు పదానికి రూపాయి చొప్పున ఇస్తారు కాబట్టి లెక్కపెట్టడం అలవాటైపోయింది. మొదట ‘భాగస్వాములు’ అని రాశాను. పెళ్ళి సంబంధాల ప్రకటనలా ఉందనిపించి కొట్టేశాను. ‘సంబంధిత వర్గాలు’ అంటే పత్రికలో పేరు చెప్పుకోలేని అధికారి గుర్తొచ్చాడు. చివరికి ‘వాటాదారులు’ దగ్గర ఆగాను. ఆ మాట నాతోపాటు జీపెక్కి కనిగిరి దాటి వస్తుందనీ, అక్కడ నన్నే నిలదీస్తుందనీ అప్పటికి తెలియదు.

ఇది మూడేళ్ళ కిందటి నవంబరు సంగతి. ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో వాటర్‌షెడ్ పనులు ఏమయ్యాయో, మళ్ళీ చేస్తే ఎలా చేయాలో చూడటానికి ఒక పరిశోధక బృందం హైదరాబాదు నుంచి వచ్చింది. పెద్దాయన తమిళుడు, వెంట ఉన్న విద్యార్థిని ఒడిశా అమ్మాయి. ఇద్దరికీ తెలుగు అంతంతమాత్రం. కాగితాల మీద అనువదించినదాన్నే నోటితోనూ అనువదించమని నన్ను రమ్మన్నారు. ఒంగోలులో ఇరవై ఏళ్ళుగా ఉంటూ, పెళ్ళిళ్ళకు తప్ప పొదిలి దాటని మనిషిని నేను. సరేనన్నాను.

చీకటితో బయలుదేరితే చీమకుర్తిలో తెల్లవారింది. రోడ్డు పక్కన గదులంత గ్రానైటు బండలు. మంచుకు తడిసిన చోట మాత్రం నల్లరాతిలో చుక్కలు మెరుస్తున్నాయి. పొదిలిలో ఇడ్లీ తింటుంటే హోటలాయన మేము అడగకుండానే, “క్యాను నీళ్ళేనమ్మా, బోరువి కావు” అన్నాడు. ఆ మాట వెనక చాలా కథ ఉంది. మన దేశంలో నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట వైద్యులు నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే; 1970లో నెల్లూరు నుంచి ఇవీ, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి మరికొన్నీ కత్తిరించి కుట్టినదే ఒంగోలు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లా. కాడికి కట్టిన ఎడ్లు నడవలేకపోవడం వైద్యులకంటే ముందు రైతులే గమనించారని చెబుతారు. లీటరుకు ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే తాగకూడదన్న కొలత తర్వాత వచ్చింది. ఎద్దు కుంటడం ముందు వచ్చింది.

పొదిలి దాటాక నేల రంగు మారిపోయింది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు పలచబడ్డాయి. ఎర్రనేల, గులకరాళ్ళు, కంది, మధ్య మధ్య బత్తాయి తోటలు, మిగిలిన చోటంతా చిల్లచెట్లు. జిల్లా సగటు వర్షపాతం 870 మిల్లీమీటర్ల దరిదాపు అంటారు గాని, ఆ సగటును నిలబెట్టేది సముద్రం వైపు కొట్టే తుపానులు. పడమటికి వచ్చేసరికి మబ్బు చేతులు దులుపుకుంటుంది.

మేము వెళ్ళిన ఊరు వెలిగొండల దాపున ఉంది. పేరు చెప్పను, వాళ్ళు నాతో మాట్లాడింది పేరు కోసం కాదు. ఊరి మొదట్లోనే సిమెంటు బోర్డు ఒకటి, సగం అక్షరాలు రాలిపోయి ఉంది. విస్తీర్ణం 500 హెక్టార్లు, అంచనా 20 లక్షలు. చూడగానే పెద్దాయన, “హనుమంతరావు కాలంది” అన్నారు. సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదికను బట్టి 1995 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి మొదలైంది: హెక్టారుకు 4,000 రూపాయలు, ఊళ్ళో వాటర్‌షెడ్ సంఘం, దానికొక కమిటీ, పని కొండ మీద మొదలై లోయకు దిగడం, సొంత పొలంలో పనికి రైతు వంతు సొమ్ము పది శాతం. డబ్బూ పెత్తనమూ ఊరి చేతికి ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. కాగితం మీద ఇప్పటికీ అందంగా ఉంటుంది.

వాగులో చెక్‌డ్యాం నిలబడే ఉంది, కానీ పూడిక దాని నెత్తి దాకా వచ్చింది. ఆ పూడిక మీద ఎవరో బీరపాదు పెట్టారు. పైన కొండవాలులో వరసగా కట్టిన రాళ్ళకట్టల్లో నాలుగు మాయం. ఎక్కడికి పోయాయని అడిగితే మాతో వచ్చిన రైతు నవ్వి ఒక పశువుల కొట్టం వైపు చూపించాడు. పునాది మంచి గట్టిగా ఉంది.

“వంతు సొమ్ము కట్టారా?” అని ప్రశ్నావళిలో ఉన్నట్టే అడిగాను.

“కట్టడమేముందమ్మా, కూలిలోంచే కోసుకున్నారు. ఇచ్చినట్టు మాకూ తెలియలేదు, తీసుకున్నట్టు కాగితంలో ఉంది” అన్నాడు. “ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు చూడండి, అదీ సంగతి.”

ఈ సామెతను పెద్దాయనకు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. దానికి మాత్రం రూపాయి రాలేదు.

మధ్యాహ్నం రామాలయం ముందు అరుగు దగ్గర జనం చేరారు. ఊరి పటం ఊరివాళ్ళే గీయాలని బృందం కోరిక. ముగ్గుపిండి, పసుపు, ఇటుకపొడి తెప్పించారు. మొదట మగవాళ్ళు గీశారు: తారురోడ్డు, పొలాలు, బోర్లు, బోర్ల పక్కన వాటి యజమానుల ఇంటిపేర్లు. బోరు ఎండిపోయినా పేరు మాత్రం తీయలేదు. తర్వాత ఆడవాళ్ళను పిలిస్తే కొంగులు సర్దుకుంటూ నవ్వుకున్నారు గాని, ముగ్గు చేతికి రాగానే గీత ఎంత తిన్నగా పడిందో! వాళ్ళ పటంలో బోర్ల కంటే ముందు మంచినీళ్ళ బావి వచ్చింది, చిల్లకంప కొట్టుకొచ్చే దిబ్బ వచ్చింది, రేషను దుకాణం వచ్చింది. ఒకామె వాగు గీస్తూ గీస్తూ ఒక చోట చెయ్యి ఆపింది. “ఇక్కడ ఎండాకాలంలో కూడా చెలమ తీస్తే నీళ్ళుంటాయి” అంది. అక్కడ ఏ చెక్‌డ్యామూ లేదు. రెండు ఫర్లాంగుల కింద పూడిపోయిన చెక్‌డ్యాం ఉంది. పెద్దాయన ఆ చోటును ఫోటో తీసుకున్నారు. పాతికేళ్ళ కిందట ఈమెను అడిగి ఉంటే అని నాకు అనిపించింది. అయినా అప్పటికి ఆమె ఈ ఊరి కోడలు కాదేమో, అత్తగారిని అడిగి ఉండాల్సింది.

అంతా అయ్యాక, రావిచెట్టు కింద అప్పటిదాకా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డ గొర్రెలకాపరి ముందుకొచ్చాడు. ఎవరూ పిలవలేదు. కర్ర కొనతో కొండవాలు మీద బృందం గీసిన కందకాల ముగ్గు చెరిపి, ఊరి చివర నుంచి కొండ నెత్తి దాకా వంకరటింకరగా ఒక గీత లాగాడు. “ఇది మా గొర్రెల బాట. మీరు కందకాలు తవ్వుతామని గీసింది సరిగ్గా దీని మీద” అన్నాడు.

వాననీరు ఇంకడానికి కందకాలు తవ్వి మొక్కలు నాటితే రెండు మూడేళ్ళు కొండను మూసేయాలి, మేపకూడదు. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఆయనకు మాత్రం నూట ఇరవై గొర్రెలు. ఎండాకాలంలో మందను కోతలైన మాగాణుల వైపు తోలుకుపోతారు. వానలు పడ్డాక పైర్లున్న ఊళ్ళో మందను నిలిపే చోటు ఆ కొండ ఒక్కటే. పోనీ గొర్రెలు ఊరికి బరువా అంటే, దుక్కికి ముందు పొలంలో రాత్రిళ్ళు మంద కట్టించుకోవడానికి రైతులు ఆయన దగ్గరికే వస్తారు, రాత్రికి ఇంత అని ఇస్తారు. ఆ ఎరువుతోనే కంది కాస్తుంది. ఇంత అల్లిక ఉన్న మనిషి గురించి నా 18 పేజీల్లో ఒక్క ప్రశ్నా లేదు. ‘పశుసంపద’ అని ఒక గడి ఉంది, అందులో అంకె వేయాలి. అంతే.

ఏదో ఒకటి అనాలి కదా. “పెద్దయ్యా, మీరు కూడా ఇందులో వాటాదారులే. అందుకే మీ మాట తీసుకుంటున్నారు” అన్నాను.

ఆయన నన్ను నిదానంగా చూశాడు. “అట్లాగా? మా వాటా ఎంతమ్మా?”

అరుగంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎకరాల్లో చెప్తారో, రూపాయల్లో చెప్తారో అని నిజంగానే ఎదురుచూస్తున్నాడు. తెలుగులో వాటా అంటే పంచుకునేది మరి. అన్నదమ్ములు పాలు పంచుకున్నాక చేతిలో మిగిలేది. ఆ మాటను నేనే ఎంచుకున్నాను. ఏమన్నాడని పెద్దాయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన జవాబు చెప్పలేదు, పుస్తకం తెరిచి ఆ బాటను గీసుకున్నారు. ఎన్ని అడుగుల వెడల్పు కావాలని అడిగించారు. కాపరి చేతులు రెండూ బారజాపి, “రెండు బారలు చాలు. మంద చీలకుండా ఉంటే చాలు” అన్నాడు.

తిరిగి వస్తూ కింది ఊళ్ళో టీకి ఆగాం. అది మా జాబితాలో లేని ఊరు. జీపు చూసి ఒక రైతు దగ్గరికొచ్చాడు. “పైన వాగులకు మళ్ళీ అడ్డుకట్టలు వేస్తున్నారటగా? మా చెరువు అలుగు పారి ఎన్నేళ్ళయిందో ఒకసారి కట్ట మీదికొచ్చి చూడండి” అన్నాడు. పై ఊరికి నిలిచిన నీరు కింది ఊరికి రాని నీరు. ఇందులో ఎవరిదీ తప్పు లేదు, వాన ఒక్కటే తక్కువ. కానీ ఆ రైతును సభకు పిలవలేదు, ఎందుకంటే ఆయనది వేరే పంచాయతీ. 2003లో వచ్చిన ‘హరియాలీ’ మార్గదర్శకాలు ఈ పనులను పంచాయతీల చేతిలో పెట్టాయి. మంచిదే. వాగుకు మాత్రం పంచాయతీ సరిహద్దు రాయి కనబడదు. 2008 మార్గదర్శకాల్లో వెయ్యి నుంచి ఐదు వేల హెక్టార్ల దాకా ఒక్క మొత్తంగా తీసుకోమన్నారు. అలా చూస్తే ఈ రెండు ఊళ్ళూ ఒకే అరుగు మీద కూర్చోవాలి. ఆ రోజుకైతే కూర్చోలేదు. ఆయనకు మేము టీ ఇప్పించాం.

మర్నాడు బేస్తవారిపేట చేరి కంభం వైపు మళ్ళాం. దారిలో కంభం చెరువు కట్ట ఎక్కాం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో వేసిన కట్ట అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఒడిశా అమ్మాయి ఫోటోలు తీసుకుంది. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ఆ తర్వాత గిద్దలూరు వైపు ఒక ఊళ్ళో చూసిన చిన్న పుస్తకం.

2003 నుంచి కొన్నేళ్ళపాటు ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచే ప్రయత్నం ఒకటి జరిగింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు, ఊళ్ళో స్వచ్ఛంద సంస్థలు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం, రోజూ వాన కొలత, రబీకి ముందు అందరూ కూర్చుని పంట నీటి బడ్జెట్: కింద ఎంత ఉంది, వేయాలనుకుంటున్న పంటలకు ఎంత కావాలి. ఫలానా పంట వేయకూడదని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క గోడ మీద రాసేవాళ్ళు, అంతే. వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా కావాలి, శనగకు అందులో నాలుగో వంతు చాలు అని గోడ మీద కనబడితే, ఎవరింట్లో వాళ్ళు ఆలోచించుకునేవాళ్ళు.

ప్రాజెక్టు పోయింది. ఆ గోడకు సున్నం వేసి దాని మీద ఎన్నికల రాతలు రాశారు. ఆ చిన్న పుస్తకం గల రైతు మాత్రం కొలవడం మానలేదు. బోరు కేసింగు పక్కన పెట్టిన సన్నటి గొట్టం మూత తిప్పి, తీగచుట్ట ఉన్న పెట్టె తీసి తీగను మెల్లగా దించాడు. తీగ కొన నీటిని తాకగానే పెట్టె కీచుమంది. తీగను బొటనవేలితో అదిమిపట్టి పైకి లాగి అంకె చదివాడు: 27 మీటర్లు. పుస్తకంలో రాశాడు. పోయిన పక్షం 29. “రెండు లేచింది” అన్నాడు, జ్వరం తగ్గిందని చెప్పినట్టు.

“ఇది ఇప్పుడు ఎవరికి పంపుతారు?” అని అడిగింది విద్యార్థిని.

“ఎవరికమ్మా పంపేది? బోరు నాదేగా.”

వాన కొలిచే పని ఆయన భార్యది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు. ఇచ్చిన కొలగాజు ఎప్పుడో పగిలింది. కొత్తది ఎక్కడ దొరుకుతుందో తెలియక, పక్క ఊరి గాజుతో సరిచూసి ఒక టానిక్కు సీసా మీద కూతురి గోళ్ళరంగుతో గీతలు పెట్టుకుంది. ఎర్ర గీతలు, ప్రతి ఐదోదీ కాస్త పొడుగు. పెద్దాయన సంచిలోంచి తమ కొలగాజు తీసి ఆమె సీసాలో నీళ్ళు అందులో పోసి చూశారు. ఒక్క పిసరు తేడా కూడా లేదు. ఆమె మొహంలో కనబడింది సంతోషం కాదు, ‘పరీక్షిస్తారా?’ అన్న చిరాకు. నాకు నచ్చింది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు కురిస్తే ఎన్ని లీటర్లో తెలుసా అని ఆమే నన్ను అడిగింది. నాకు తెలియదు. “నాలుగు వేలు” అని చెప్పి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

ఒంగోలు చేరేసరికి రాత్రి పదకొండు. బిల్లు పంపాను. కొలత ఖచ్చితం కావాలి కాబట్టి ‘వాటాదారులు’ 41 సార్లూ కలిపే. సొమ్ము రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. దానితోపాటే ఇంకో చిన్న పని కూడా వచ్చింది. ముగ్గు పటాన్ని కంప్యూటర్ మీద శుభ్రంగా గీశారు, పేర్లు తెలుగులో రాసివ్వాలి. తెరిచి చూస్తే బావి ఉంది, చెలమ ఉన్న చోట నీలం చుక్క ఉంది. కందకాల వరసలు ఒక చోట తెగి, మధ్యలోంచి వంకరగా ఒక సన్న గీత కొండెక్కుతోంది. దాని పక్కన ఇంగ్లీషులో కాలిబాట అని ఉంది.

దాన్ని వదిలేసి ‘గొర్రెల బాట’ అని రాశాను. రెండు పదాలు, రెండు రూపాయలు.