నాన్న ల్యాప్‌టాప్: విజువల్ ఎఫెక్ట్స్ తగ్గించిన నా అనుభవం

నాన్న రిటైరయ్యాక తన సర్వీసు రోజుల సంగతులన్నీ తెలుగులో టైప్ చేసుకుంటున్నారు. ఆయన ల్యాప్‌టాప్ పాతది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. స్టార్ట్ నొక్కితే మెనూ ఎప్పటికో వచ్చేది. "ద్వారకానగర్‌లో ఏదైనా షాపులో చూపిద్దామా అమ్మా? కొత్తది కొనుక్కోమంటారేమో" అని ఆయనకి బెంగ. ముందు నేను చూస్తానన్నాను.

ఇలాంటి మెషీన్లలో గ్రాఫిక్స్ చిప్ కూడా అసలు ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. తెర మీద తెరుచుకునే కిటికీల (విండోల) నీడలు, పారదర్శకత, తెరిచినప్పుడూ మూసినప్పుడూ వచ్చే యానిమేషన్లు, అంటే విజువల్ ఎఫెక్ట్స్, అన్నీ దాని మీద పడే పనే. స్టార్ట్‌లో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి, పెర్ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కితే విజువల్ ఎఫెక్ట్స్ పట్టీ వస్తుంది. 'అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్' ఎంచుకుని అప్లై కొట్టాను. టిక్కులన్నీ ఒక్కసారిగా పోయాయి. కిటికీలు టక్కున తెరుచుకుంటున్నాయి.

కానీ నాన్న ఫైల్ తెరిచి కళ్లజోడు సర్దుకున్నారు. "అక్షరాలు ఇలా అయిపోయాయేంటమ్మా?" నిజమే. అంచులు మెట్లుమెట్లుగా విరిగి, 'స్వాతంత్ర్యం' లాంటి మాటలో వత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగోలా చదవొచ్చు. గుణింతాలు, వత్తులు ఉన్న మన లిపికి ఆ నునుపు చాలా అవసరం. మళ్లీ అదే పట్టీలోకి వెళ్లి 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' దగ్గర టిక్ పెట్టాను. 'షో థంబ్‌నెయిల్స్' కూడా ఉంచాను, ఫొటోలు పేర్లు చూసి వెతుక్కోవడం ఆయన వల్ల కాదు. మిగతావన్నీ తీసేశాను. తెలుగులో చదివే పెద్దవాళ్ల కంప్యూటర్‌కి ఇదే సరైన అమరిక అని నా గట్టి అభిప్రాయం.

దీనివల్ల ర్యామ్ ఏమంత మిగల్లేదు. క్లిక్ చేసిన వెంటనే స్పందించడం మాత్రం బాగా తెలుస్తోంది, నాన్న విసుక్కోకుండా రాసుకుంటున్నారు. ఆన్ అవడానికి మాత్రం ఇంకా చాలాసేపు పడుతోంది. అది పాత హార్డ్ డిస్క్ సంగతి, ఎఫెక్ట్స్‌తో సంబంధం లేదు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు రావడం) 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి బ్యాంకు పనులు ఇందులో వద్దన్నాను. వచ్చే నెల ఆ హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించడానికి ద్వారకానగర్ వెళ్తాం. అప్పటిలోగా ఆయన రాతలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి.