జూరా కొండల్లో పలుచని గడియారాలు

స్విట్జర్లాండ్‌లోని న్యూషాతెల్ సరస్సును దాటి రైలు జూరా కొండలెక్కసాగింది. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లా షో-ద-ఫాన్ పట్టణం 1794లో అగ్నికి ఆహుతై, ఆ తరువాత తిన్నని సమాంతర వీధులతో మళ్ళీ లేచింది. గడియారాల పనివారి బల్లల మీద పగటి వెలుగు ధారాళంగా పడేలా ఇళ్ళ వరుసల మధ్య ఎడం వదిలి, పెద్ద కిటికీలు పెట్టారు. దీన్నీ, పొరుగునున్న లె లోక్ల్‌నూ కలిపి 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను వెళ్ళింది డ్రెస్ వాచీల కోసం, అంటే సూటు వేసుకున్నప్పుడు పెట్టుకునే పలుచని చేతిగడియారాల కోసం. చొక్కా కఫ్ కింద ఇమిడిపోయే ఈ రకానికి రెండు ముళ్ళు చాలు, సెకన్ల ముల్లు కూడా తప్పనిసరి కాదు. ఇంత నిరాడంబరమైన వస్తువు చేయడం సులువనిపిస్తుంది కానీ, లోపలి యంత్రం పలుచబడేకొద్దీ చక్రానికీ చక్రానికీ మధ్య ఖాళీ తగ్గిపోయి, ఏ చిన్న వంపు వచ్చినా ఒకదానికొకటి రాసుకుని ఆగిపోతాయి. ఈ ప్రాంతంలోనే పుట్టిన పియాజే సంస్థ 1957లో కేవలం 2 మి.మీ. మందంతో, కీ ఇచ్చి నడిపే 9పి యంత్రాన్ని తేవడం అందుకే నాకు గొప్పగా తోస్తుంది.

ఒక చిన్న పనిశాలలో చక్రాలను పట్టి ఉంచే పలక అంచులను ఒక కార్మికురాలు ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు దిద్దుతూ ఉండగా చాలాసేపు చూశాను. ఆ వాలుకు మెరుగు పెట్టడానికి ఆమె వాడినది ఈ కొండల్లోనే పెరిగే జెన్షియన్ మొక్క ఎండుకాడ. దాని మెత్తని గుజ్జు మెరుగుపిండిని పట్టి ఉంచుతుంది. రెండు వాలులు లోపలికి కలిసే మూలను చూపి, గిర్రున తిరిగే యంత్రపు కత్తి అక్కడ గుండ్రటి ఒంపు వదిలేస్తుందనీ, గీత గీసినట్టు పదునుగా రావాలంటే చేతి పనే కావాలనీ వివరించింది. ఉక్కు భాగాలను తగరపు పలక మీద వజ్రపు పిండితో రుద్ది తెచ్చే నునుపు మరింత కష్టం: ఒక కోణంలో అద్దంలా మెరిసే ఆ ముఖమే కాస్త వంచితే పూర్తిగా నల్లబడుతుంది. డయల్ కింద దాగి, మరమ్మతు చేసేవాడి కంటికి తప్ప కనబడని చోట్ల కూడా ఈ శ్రద్ధ ఉంటేనే, నా దృష్టిలో, అది మేలైన గడియారం.

తరువాత పట్టణంలోని అంతర్జాతీయ గడియారాల మ్యూజియంలో, 1974లో నేల కింద కట్టిన ఆ విశాలమైన గదుల్లో తిరుగుతూ, యంత్రం కనబడేలా ఉంచిన ప్రతి వాచీ ముందూ వంగి, పేరు చదవకముందే ఆ లోపలి మూలల కోసం వెతికాను.