చీటీ మీద రాసిన గుర్రం

పన్నెండు దాటింది, నిద్ర రావట్లేదు. ఇంగ్లండ్‌లో 2025 చెల్టెనమ్ గుర్రప్పందేల పండగ ఈ సాయంత్రంతో అయిపోయింది. నాలుగు రోజులు, 28 రేసులు. గ్లాస్టర్ మీదుగా వచ్చిన ట్వీడు కోట్ల జనమంతా రైళ్ళెక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకా మంగళవారం దగ్గరే ఉన్నాను.

మా ఆయన నా చీటీ మార్చేశారు.

ఫోన్లో బెట్టింగ్ యాప్ పెట్టుకోనన్నది నా నియమం. ఏడాదికి ఒక్కసారి, ఈ వారానికి 20 పౌండ్లు, అది కూడా పోపుల డబ్బా వెనక గిన్నెలో విడిగా తీసి పెట్టుకున్నవి. పందేలు కట్టే షాపు మా ఆయన ఆఫీసు దారిలో ఉంది కాబట్టి చీటీ రాసిచ్చి పంపిస్తాను. సోమవారం రాత్రి అంట్లు అయ్యాక కూర్చుని రాశాను: చాంపియన్ హర్డిల్ (కంచెలు దూకుతూ సాగే రేసు), గోల్డెన్ ఏస్ అనే గుర్రం, 2 పౌండ్లు ఈచ్-వే. అంటే గెలుపు మీద రెండు, ప్లేసు మీద రెండు, మొత్తం నాలుగు.

ఊరికే పేరు బాగుందని రాయలేదు. పోయినేడాది ఇదే పండగలో, ఇదే మైదానం చివరి కొండ ఎక్కి, గోల్డెన్ ఏస్ బ్రైటర్‌డేస్‌అహెడ్‌ను ఓడించింది. అప్పుడు ఓడిపోయిన ఆ గుర్రమేమో ఈ ఏడాది ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువమంది నమ్మే గుర్రం) కాన్‌స్టిట్యూషన్ హిల్ తర్వాత అందరి నోటా నానుతోంది, ఓడించినదానికేమో ఒకటికి పాతిక ధర, అంటే పౌండు పెడితే పాతిక లాభం. అప్పుడు రేసు నెమ్మదిగా సాగి చివర్లో పరుగుపందెం అయింది, అందుకే గెలిచింది అంటారు. అయి ఉండవచ్చు. కానీ గెలిచినదాన్ని గెలవనట్టు చూడటం నాకు నచ్చదు. పైగా ఆడగుర్రం, మోసే బరువులో ఏడు పౌండ్ల తగ్గింపు ఉంది. ట్రైనర్ జెరెమీ స్కాట్‌ది సోమర్సెట్‌లో ఎక్స్‌మూర్ పక్కన, పెద్ద పెద్ద లాయాలతో పోలిస్తే చిన్న లాయం. పోటీలో ఏడే గుర్రాలు, రెండో స్థానం వచ్చినా ప్లేసు డబ్బులు వస్తాయి. నా లెక్క అది.

తర్వాత జరిగింది ఈపాటికి అందరూ చూసే ఉంటారు. ఐదో హర్డిల్ దగ్గర కాన్‌స్టిట్యూషన్ హిల్ పడిపోయింది. స్టేట్ మ్యాన్ హాయిగా ముందుంది, ఇక దూకాల్సింది ఒక్కటే, దాని దగ్గర అదీ పడింది. వెనకనుంచి జాకీ లోర్కన్ విలియమ్స్ గోల్డెన్ ఏస్‌ను తీసుకుని వచ్చేశాడు. ఆఫీసు కిచెన్లో కెటిల్ పక్కన నిలబడి చూస్తూ గట్టిగా అరిచాను.

వెంటనే ఫోన్ చేశాను. "ఏమండీ, మన గుర్రం గెలిచింది!" అటువైపు కాసేపు ఏమీ లేదు. తర్వాత, "నేను ఆ నాలుగూ కాన్‌స్టిట్యూషన్ హిల్ గెలుస్తుందని పెట్టాను. ఊరికే పోతాయి కదా అని. నీ మంచికే."

నీ మంచికే! నాలుగు పెడితే లాభం రెండు పౌండ్ల దగ్గర తిరిగే ఫేవరెట్ మీద పెట్టడం నా మంచికట. నా చీటీ ప్రకారం అయితే గెలుపు మీద 52, ప్లేసు మీద 14.50, మొత్తం 66.50 వచ్చేవి. ఆ 66 పౌండ్ల కోసం కాదు (సరే, కొంచెం వాటి కోసం కూడా). నేను రెండు గంటలు కూర్చుని ఆలోచించి రాసినదాన్ని, ఆయన షాపులో రెండు నిమిషాల్లో, నన్నొక మాట అడగకుండా, తప్పని తేల్చేశారు. ఇంట్లో ఇది మొదటిసారి కాదు. కర్టెన్ల రంగు, చిన్నోడి ట్యూషన్, నా డ్రైవింగ్ టెస్టు తారీకు, అన్నిటికీ అదే మాట. ఒకసారైనా "ఇలా చేద్దామా" అని అడిగి ఉంటే నేనే ఊఁ అనేదాన్నేమో. అడగరు. తర్వాత చెప్తారు.

మంగళవారం రాత్రి ఇదంతా అనేశాను. చివర్లో ఇంకో మాట కూడా అన్నాను. మా నాన్న ఎప్పుడూ ఒకరి చీటీ మార్చలేదు, అని.

అప్పట్నుంచీ ఆ మాటే గుచ్చుకుంటోంది.

నాన్న ఆదివారాలు మలక్‌పేట రేసులకి వెళ్ళేవాడు. ఆరో నిజాం కాలంలో, 1886లో, మౌలాలీ నుంచి అక్కడికి మారిన మైదానం. అక్కడ మా చిన్నప్పుడు గుర్రాలు దూకేవి కావు, ఉత్త పరుగే. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. రేసు బుక్కు మడిచి చొక్కా జేబులో, చెవి వెనక పెన్సిలు. ఆఫీసులో ఐదారుగురు శనివారం మధ్యాహ్నమే ఆయనకి చీటీలు, డబ్బులు ఇచ్చి పంపేవాళ్ళు. నాన్న వాటిని రబ్బరు బ్యాండు వేసి నా చేతికిచ్చి లెక్కపెట్టమనేవాడు. మూడో రేసు, నాలుగో నంబరు, పది రూపాయలు. ఐదో రేసు, రెండో నంబరు. నాకు ఎక్కాలకన్నా ముందు అవే వచ్చాయి.

వాళ్ళ ఆఫీసు అటెండరు ఒకాయన ఉండేవాడు, మేము తాతా అని పిలిచేవాళ్ళం. ఎప్పుడూ ఆడేవాడు కాదు. ఆ వారం ఇంటికే వచ్చాడు, యాభై రూపాయలు మడిచి నాన్న చేతిలో పెట్టాడు. "తొమ్మిది మీద పెట్టున్రి సార్, నాలుగో రేసుల." నాన్న బుక్కు తీసి చూశాడు. "అది రాదు తాతా, అంతకుముందు మూడుసార్లూ చివర్లోనే వచ్చింది." "తొమ్మిదే పెట్టున్రి సార్." గడపలో నిలబడి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

తొమ్మిది వచ్చింది. పది రూపాయల టికెట్టుకి రెండొందల నలభై చెల్లించారు. తాతకి ఐదు టికెట్లు, అంటే పన్నెండొందలు. ఇంచుమించు నాన్న నెల జీతం.

నాకు ఇన్నేళ్ళూ గుర్తున్న భాగం ఆ తర్వాతిది. నాన్న రెండు విడతలుగా తాతకి ఆ డబ్బంతా ఇవ్వడం, అమ్మ మాట్లాడకుండా చిట్టీ పాట ముందే పాడి డబ్బు తెచ్చివ్వడం, ఆ దీపావళికి మాకు కొత్త బట్టలు లేకపోవడం. నాన్న ఎంత నిజాయితీపరుడో అని చెప్పుకోవడానికి ఇంట్లో ఈ కథే చెప్పేవాళ్ళం. మా ఆయనకి కూడా పెళ్ళైన కొత్తలో చెప్పాను. కానీ డబ్బు ఎందుకు కట్టాల్సి వచ్చింది? తాత యాభై రూపాయలని నాన్న ఫేవరెట్ మీద పెట్టాడు కాబట్టి. అమ్మతో అన్నాడు కూడా, "పేదవాడి డబ్బు పోకూడదని, వాడి మంచికే అనుకున్నాను" అని. ఆ మాట నేను విన్నాను, పక్క గదిలోనే ఉన్నాను. మరి ఎలా మర్చిపోయాను?

ఇది బుధవారం వంట చేస్తుంటే గుర్తొచ్చింది. అయినా మా ఆయనతో చెప్పలేదు. చెప్తే వెంటనే వాడుకుంటారు.

ఇక ఇవాళ ఇంకోటి. అవుట్‌సైడర్ని పట్టడం అంటే చదివి, లెక్క చూసి, నలుగురూ వదిలేసినదాన్ని ఏరుకోవడం అని మంగళవారం రాత్రి ఆయనతో గట్టిగా వాదించాను కూడా. నాకు ఈ పిచ్చి పుట్టించింది కూడా 1990 చెల్టెనమ్ గోల్డ్ కప్ కథే: ఒకటికి వంద ధరతో గెలిచిన నార్టన్స్ కాయిన్, పొద్దున్నే ఆవుల పాలు పితికి గుర్రాన్ని తోలుకొచ్చిన వేల్స్ రైతు సిరెల్ గ్రిఫిత్స్, ఆయన దగ్గరున్నవి మూడే రేసుగుర్రాలు, మూడో స్థానంలో అందరి ముద్దుల డెసర్ట్ ఆర్కిడ్. ఈ మధ్యాహ్నం ట్రయంఫ్ హర్డిల్లో మళ్ళీ ఒకటికి వంద వచ్చింది. పొనిరోస్. అంతకుముందు ఒక్క హర్డిల్ రేసు కూడా పరుగెత్తని గుర్రం. చిన్న లాయమా అంటే కాదు, పెద్ద ట్రైనర్ విల్లీ మలిన్స్‌ది, ఆ రేసులో ఆయనవే పదకొండు గుర్రాలు. ఏం చూసి రాయాలి దాన్ని చీటీ మీద? పాత హర్డిల్ రేసులు లేవు, కొండ ఎక్కిన గుర్తు లేదు. నేను ఎన్ని గంటలు కూర్చున్నా ఆ పేరు దాటుకుని వెళ్ళిపోయేదాన్ని.

గోల్డెన్ ఏస్ సంగతి కూడా అంతే అనుకుంటే అంతే. నేను రాసింది రెండో స్థానం ఆశతో. రెండు మంచి గుర్రాలు పడితే కదా వచ్చింది. స్టేట్ మ్యాన్ ఆ ఒక్కటీ సరిగ్గా దూకి ఉంటే నా చీటీ ప్రకారం పెట్టినా ప్లేసు డబ్బులు పద్నాలుగున్నర పౌండ్లే దక్కేవి, నేనూ ఇంత గొడవ చేసేదాన్ని కాదు. మా ఆయన లెక్క మరీ తప్పేం కాదు, నిజానికి.

అయినా చీటీ మార్చడం తప్పే. ఇప్పటికీ అదే అంటాను. గుర్రం గెలిచిందా పడిందా అనేది వేరు. తాత గడపలో నిలబడి రెండుసార్లు చెప్పాడు, తొమ్మిది అని.

ఏప్రిల్ 5న ఐన్‌ట్రీ మైదానంలో గ్రాండ్ నేషనల్ రేసు, 34 గుర్రాలు. ఏడాదికి ఒక్కసారే అన్నాను కానీ గిన్నెలో ఇంకా ఆరు పౌండ్లు మిగిలాయి. ఆ శనివారం షాపుకి నేనే వెళ్తాను, చిన్నోడి స్విమ్మింగ్ అయ్యాక. మా ఆయనకేం కావాలో చీటీ రాసివ్వమంటాను, ఏది రాసినా అదే పెడతాను.