ఉగాది రాఫిల్‌కు కౌన్సిల్ రిజిస్ట్రేషన్: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఒక చిన్న తెలుగు సంఘానికి లెక్కలు చూస్తుంటాను. ఉగాదికి, దీపావళికి రాఫిల్ పెడితే కాగితాల పని నాదే. డబ్బు కట్టించుకుని, చీటీ తీసి బహుమతి ఇస్తే 2005 గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం అది లాటరీయే. టికెట్ డబ్బుకు విరాళమని పేరు పెట్టినా ఆ సంగతి మారదు, దాని మీద గిఫ్ట్ ఎయిడ్ (విరాళాలపై ప్రభుత్వం చారిటీకి తిరిగిచ్చే పన్ను) కూడా రాదు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది టికెట్లు ఎక్కడ అమ్ముతామన్నది. వేడుక జరుగుతున్న హాల్లోనే, వేడుక జరుగుతున్నప్పుడే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వచ్చిన డబ్బులోంచి ఖర్చులకు 100 పౌండ్లు, బహుమతులు కొనడానికి 500 పౌండ్లు మించి తీయకూడదు, అంతే. దాతలిచ్చిన బహుమతులు ఈ 500లోకి రావు. వారం ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టి, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు తీసుకుంటే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. సంఘాలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

ముందుగా అమ్మాలంటే స్మాల్ సొసైటీ లాటరీగా, అంటే లాభాపేక్ష లేని సంఘం పెట్టే చిన్న లాటరీగా, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) లైసెన్సింగ్ విభాగంలో నమోదు కావాలి. హాలు ఉన్న ఊరి కౌన్సిల్‌లో కాదు, సంఘం ప్రధాన చిరునామా ఏ కౌన్సిల్ కిందికి వస్తుందో అక్కడ. మొదటిసారి ఫీజు 40 పౌండ్లు, తర్వాత ఏటా 20. దరఖాస్తుతో పాటు సంఘం నియమావళి ఇవ్వడం మంచిది. సేవ, సంస్కృతి, క్రీడల వంటి లాభాపేక్ష లేని పని కోసమే సంఘం నడుస్తోందని అందులో స్పష్టంగా ఉండాలి. ఒక్కో లాటరీ అమ్మకం 20,000 పౌండ్లు గానీ, ఏడాది మొత్తం 2,50,000 గానీ దాటితే కౌన్సిల్ చాలదు, జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు కావాలి.

టికెట్ మీద సంఘం పేరు, ధర, బాధ్యుడైన సభ్యుడి పేరు, చిరునామా, డ్రా తేదీ ఉండాలి. అంగట్లో దొరికే రంగు కాగితాల రాఫిల్ పుస్తకాల్లో ఇవేవీ ఉండవు కాబట్టి విడిగా అచ్చు వేయించాలి. అన్ని టికెట్లదీ ఒకే ధర. ‘ఒకటి పౌండు, ఆరు ఐదు పౌండ్లకే’ అన్న బేరం కుదరదు. 16 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. పిల్లల పేరు మీద తీసుకోవడం మనవాళ్లకు ఇష్టం కాబట్టి, కౌంటర్‌ఫాయిల్ (టికెట్ చింపాక మన దగ్గర మిగిలే ముక్క) మీద డబ్బిచ్చిన పెద్దవాళ్ల పేరే రాయమని అమ్మేవాళ్లకు ముందే గట్టిగా చెప్పాలి.

లెక్క తప్పేది బహుమతుల దగ్గర. అమ్మకంలో కనీసం 20 శాతం సంఘం ఆశయానికి చేరాలి, బహుమతులూ ఖర్చులూ కలిపి 80 శాతం దాటకూడదు. బంగారు నాణెం, పట్టుచీర కలిపి 600 పౌండ్లకు కొన్నారు, అచ్చుకు 150 అయింది, అమ్మకం 850 దగ్గర ఆగిపోయిందనుకోండి. 80 శాతమంటే 680, అయిన ఖర్చు 750. ఎక్కువైన 70 పౌండ్లు అమ్మకం డబ్బులోంచి తీయడానికి లేదు, ఇంకోచోటి నుంచి తేవాలి. అందుకే పెద్ద బహుమతికి ముందే దాతను చూసుకోమంటాను. సంఘమే డబ్బు పెట్టి కొంటే అమ్మకాలు తగ్గిన ఏడాది సేవకు మిగలాల్సింది బహుమతికి పోతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువులకు టికెట్లు పంపొద్దు. రాష్ట్ర ప్రభుత్వం నడపని, అనుమతించని లాటరీ అక్కడ భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం.

డ్రా అయిన మూడు నెలల్లోపు కౌన్సిల్‌కు రిటర్న్ (లెక్కల నివేదిక) పంపాలి. టికెట్లు అమ్మకానికి పెట్టిన తేదీలు, డ్రా తేదీ, మొత్తం వసూలు, బహుమతుల విలువ, ఖర్చులు, ఆశయానికి ఇచ్చిన మొత్తం, వేరే డబ్బుతో కట్టిన ఖర్చులు అందులో చూపాలి. 18 ఏళ్లు దాటిన ఇద్దరు సభ్యులు సంతకం చేయాలి. వాళ్లను కమిటీ రాతపూర్వకంగా నియమించి ఉండాలి, ఆ నియామక పత్రం నకలు జతచేయాలి. డ్రాకు ముందు జరిగే కమిటీ సమావేశంలోనే ఆ తీర్మానం రాయించేస్తే గడువు దగ్గరపడ్డాక సంతకాల కోసం తిరగక్కర్లేదు. అమ్ముడుపోని టికెట్లను కూడా కౌంటర్‌ఫాయిళ్లతో కలిపి భద్రపరచండి. వసూలు లెక్క సరిచూడాలంటే అవీ కావాలి.