నెల జీతం వదిలి గానుగ పెట్టుకున్నాక: నా అనుభవం

హైదరాబాదులో పదకొండేళ్లుగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాన్ని 2021 సెప్టెంబరు 30న వదిలి, అనంతపురం జిల్లాలోని మా ఊరిలో చెక్క గానుగ పెట్టుకున్నాను. ఇలాంటి నిర్ణయం తీసుకోబోయేవారు ఎక్కువగా నన్ను ధైర్యం గురించి అడుగుతారు. ధైర్యం కావాల్సిందే కానీ, అంతకంటే ముందు మన డబ్బు ఏ నెలలో ఎక్కడ ఇరుక్కుపోతుందో తెలిసి ఉండాలి. ఆ ఒక్క సంగతి తెలియకనే నేను మొదటి ఏడాది బాగా నష్టపోయాను.

2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే పని చేయమన్నప్పుడు కుటుంబంతో ఊరికి వచ్చేశాం. తరతరాలుగా నూనె ఆడుతున్న గాండ్ల కుటుంబంలోని ఒక పెద్దాయన దగ్గర వేరుశనగ నూనె ఆడించి, తెలిసిన నలుగురికి హైదరాబాదు పంపితే, నెల తిరగకముందే మళ్లీ కావాలన్నారు. ఏడాది గడిచేసరికి 43 ఇళ్లవారు నెలనెలా తీసుకుంటున్నారు. నా నియామక పత్రంలో వేరే వ్యాపారం చేయరాదన్న షరతు ఉన్నందున, అమ్మకాలన్నీ నా భార్యే చూసుకునేది. ఆహార పదార్థాలు అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా ఏడాదికి 100 రూపాయల రుసుముతో ఆమె పేరుమీదే తీసుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విని మొదట నిశ్చింతగా ఉన్నాం. అయితే అనంతపురం నుంచి హైదరాబాదుకు పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్లేననీ, అప్పుడు టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదనీ ఆడిటరు చెప్పాక వెంటనే తీసుకున్నాం. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదుకు అమ్ముకునే మన చిన్న వ్యాపారులు చాలామంది ఈ చోటే పొరబడుతున్నారు.

జులై 2న రాజీనామా ఇచ్చాను. 90 రోజుల నోటీసు. ఇంటి ఖర్చు నెలకు 38 వేల చొప్పున 14 నెలలకు సరిపడా డబ్బును నా భార్య పేరున వేరే ఖాతాలో వేసి, దాన్ని వ్యాపారానికి వాడకూడదని ఇద్దరం అనుకున్నాం. కారు అప్పు, క్రెడిట్ కార్డు బాకీ అంతకుముందే తీర్చేశాను. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆరోగ్య బీమా. మా నాన్నకు మధుమేహం ఉంది. కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగం చివరి రోజుతోనే ఆగిపోతుంది. కొత్తగా తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు ఏళ్ల తరబడి ఆగాలి. అందుకని ఉద్యోగంలో ఉండగానే అదే బీమా సంస్థకు రాసి, గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారాం. దానివల్ల అంతవరకు గడిచిన కాలం వృథా కాలేదు. పీఎఫ్ సొమ్ము ముట్టుకోలేదు.

ఇక నేను తప్పిన లెక్క. గానుగకూ మోటారుకూ 2,10,000 రూపాయలు, త్రీఫేజ్ కనెక్షన్‌కూ షెడ్డుకూ మరికొంత పక్కన పెట్టుకున్నాను గానీ, కాయల కొనుగోలుకు 1,20,000 మాత్రమే ఉంచాను. ఏ నెలకు కావాల్సిన కాయలు ఆ నెలే కొనుక్కోవచ్చు కదా అన్నది నా ఆలోచన. మా ప్రాంతంలో ఖరీఫ్ వేరుశనగ అక్టోబరు, నవంబరుల్లో ఒక్కసారిగా చేతికొస్తుంది. రైతు దగ్గర మంచి కాయ దొరికేది అప్పుడే. ఆ తర్వాత వ్యాపారి గోదాములో నిల్వ ఉన్నదాన్ని అతను చెప్పిన ధరకు కొనాలి. అంటే నూనె ఆడేవాడు తొమ్మిది, పది నెలలకు సరిపడా పెట్టుబడిని రెండు నెలల్లోనే పెట్టాలి. అది తెలిసే నాటికి చేతిలో డబ్బు లేదు. నా భార్య ఖాతా సంగతి ఎత్తితే, "దాని జోలికి మాత్రం వెళ్లొద్దండీ" అంది. ఆమె మాట నిలబెట్టినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. అదృష్టవశాత్తూ అక్టోబరు చివరలో గ్రాట్యుటీ 2,53,846 రూపాయలు వచ్చింది. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 5,550 ఉండగా, నేను 5,800 ఇచ్చి 60 క్వింటాళ్ల కాయలు కొన్నాను.

నవంబరు మూడో వారంలో రాయలసీమను వానలు ముంచెత్తాయి. చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ రోజుల్లోనే. మా షెడ్డులోకి నీళ్లు రాలేదు గానీ, గోనె సంచులను నేరుగా గచ్చు మీదే పేర్చడంతో కింది వరుసలన్నీ చెమ్మ పట్టాయి. పెద్దాయన వచ్చి ఒక కాయను చెవి దగ్గర ఆడించారు, చప్పుడు రాలేదు. ఒలిచి గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు రాలలేదు, విరిస్తే టక్కుమనకుండా వంగింది. "ఇది నూనెకు రాదు నాయనా" అన్నారు. ఎండబెట్టగా మిగిలింది మిగలగా, 14 క్వింటాళ్లకు బూజు పట్టింది. పశువుల దాణాకు తీసుకుంటామని ఒకరు వచ్చారు. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుందనీ, దాణా ద్వారా అది పాలలోకి చేరుతుందనీ చదివి ఉన్నాను కాబట్టి ఇవ్వలేకపోయాను. 81,200 రూపాయల సరుకును గుంత తీసి పూడ్చాం. ఆ రాత్రి ఉద్యోగం మళ్లీ వెతుక్కోవాలా అని నిజంగానే ఆలోచించాను.

మర్నాటి నుంచే సంచుల కింద చెక్క పలకలు వేయించి, ఆడించి చూసి గలగలమనని కాయను కొనడం మానేశాను. లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజలు పడతాయి. దాదాపు కిలోన్నర గానుగ పిండి మిగులుతుంది. ఆ పిండి అమ్మకం లేకపోతే లీటరుపై మాకు మిగిలేది చాలా తక్కువ.

2022లో చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం సాయం చేసే పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ఆరు లక్షల అంచనాతో రెండో గానుగకూ, కాయలు ఒలిచే యంత్రానికీ అప్పు తీసుకున్నాను. అప్పటి నిబంధన ప్రకారం 10 శాతం మనం పెట్టుకోవాలి, 35 శాతం సబ్సిడీ వచ్చేది. అయితే ఆ సబ్సిడీ మన చేతికి వచ్చేది కాదు; బ్యాంకులోనే ఉండి, మూడేళ్లు వాయిదాలు సక్రమంగా కట్టాక అప్పులో జమ అయ్యేది. దాన్ని చేతిసొమ్ముగా లెక్క వేసుకుని దిగితే మొదటి పంటకాలంలోనే చిక్కుకుంటారు.

2023 మార్చి నుంచి ప్రతి నెలా 1వ తేదీన 40 వేలు నా జీతంగా ఇంటి ఖాతాలో వేసుకుంటున్నాను. 2024లో రెండు నెలలు అలా వేయలేకపోయాను. అవి అక్టోబరు, నవంబరు. ఆ రెండు నెలలూ డబ్బంతా కాయలకే పోయింది.