స్కూల్ చీటీ మీద సంతకం

2017 ఆగస్టు. మా పాప రెండో తరగతి. డైరీలో చీటీ వచ్చింది: స్కూల్లో తట్టు, రుబెల్లా టీకా వేస్తారు, సంతకం చేసి పంపండి అని. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ అట. పెన్ను తీశాను. అంతలో మా తోడికోడలు వాట్సాప్‌లో మెసేజ్ పంపింది. ఈ టీకాతో ఆటిజం వస్తుందని లండన్ డాక్టర్లు తేల్చారట. కింద 'లాన్సెట్' అనే వైద్య పత్రిక పేరు. పెన్ను పక్కన పెట్టేశాను.

ఊరూ పేరూ లేని పుకారైతే పట్టించుకునేదాన్ని కాదు. బీఎస్సీ చదివినదాన్ని, లాన్సెట్ ఎంత పెద్ద పత్రికో తెలుసు. టెన్షనంతా అక్కడే.

పిల్లల డాక్టర్ని అడిగితే "అది పాత కథమ్మా, వేయించండి" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఆ ఒక్క మాట నాకు చాల్లేదు. రాత్రి పాప పడుకున్నాక ఆ పరిశోధన పేపర్‌ని లాన్సెట్ సైట్‌లోనే వెతికి తెరిచాను. 1998 ఫిబ్రవరిది. పేజీల మీద పెద్ద ఎర్ర అక్షరాలు: 'రిట్రాక్టెడ్'. వెనక్కి తీసుకున్నామని. పేపర్‌ని మాయం చేయలేదు, అక్కడే ఉంచి ముద్ర కొట్టారు.

చదివితే, చూసిన పిల్లలు 12 మంది. పన్నెండే! మా పాప స్కూల్ ఆటోలోనే అంతమంది ఎక్కుతారు. పైగా రాసినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ వేక్‌ఫీల్డ్, టీకా కంపెనీల మీద కేసుకు సిద్ధమవుతున్న లాయర్ తరఫున డబ్బు తీసుకుని ఆ సంగతి చెప్పలేదు. 2004లో 13 మంది రచయితల్లో 10 మంది, టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చన్న మాట నుంచి తప్పుకున్నారు. 2010లో పత్రిక పేపర్‌ని వెనక్కి తీసుకుంది, బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ డాక్టర్ రిజిస్ట్రేషనూ పోయింది.

నాకు ఊరట కంటే కోపమే ఎక్కువ వచ్చింది. పన్నెండేళ్లు పట్టిందా? ఈలోగా ఎన్ని ఇళ్లలో పెన్ను పక్కన పెట్టి ఉంటారు!

మనసు కుదుటపడింది డెన్మార్క్ లెక్క చూశాకే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా మీద, 5,37,303 మంది పిల్లల రికార్డులు పరిశీలించారు. వేయించుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదని 2002లోనే రాశారు. పాప స్కూల్లో వేసేదాంట్లో గవదబిళ్లల మందు కూడా లేదు.

ఆ ఎర్ర ముద్ర ఫోటో తీసి తోడికోడలికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. చీటీ మీద సంతకం చేశాను.

టీకా రోజు పాప బొటనవేలికి సిరా గుర్తుతో ఇంటికొచ్చి "నానమ్మా, నేను ఓటేశా" అంది. మా అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చూసి, "ఓటుకి చూపుడువేలు కదే, ఎవరు పెట్టారిలా?" అని అడిగారు.